ఉద్యోగం చేస్తూ డిగ్రీ: యూనివర్సిటీలు మనల్ని ఎందుకు వెతుకుతున్నాయి, చేరాక పట్టించుకుంటాయా?

కేఆర్‌పురం_పేరోల్
అందరికీ నమస్తే అండీ. బెంగళూరులో ఉన్న మన తెలుగోళ్ళ అభిప్రాయం కావాలి. ఇదివరకు కాలేజీ యాడ్స్ అంటే ఇంటర్ పిల్లల ఫొటోలు, ర్యాంకులు. ఇప్పుడు నా ఫోన్‌లో వచ్చేవన్నీ మెడలో ఐడీ కార్డు వేసుకున్న నా వయసువాళ్ళ ఫొటోలే, ఉద్యోగం మానక్కర్లేదు, ఇంట్లో కూర్చుని ఎంబీఏ చెయ్యండి అని. ఒక్కసారి ఏదో వెబ్‌సైట్‌లో నంబర్ ఇచ్చాను, అంతే, రోజూ ఎవరో ఒకరు ఫోన్. నాది బీకాం, పేరోల్‌లో చాలా ఏళ్ళ అనుభవం, మేనేజర్ పోస్టు దగ్గరికి వచ్చేసరికి పీజీ ఉందా అంటున్నారు కాబట్టి చేరాలనే ఉంది. కానీ అసలు వీళ్ళు మనలాంటివాళ్ళ మీద ఎందుకు పడ్డారు, డబ్బు కట్టాక మన మొహం చూస్తారా లేదా? చదివినవాళ్ళు, చదువుతున్నవాళ్ళు, లోపల పని చేసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

అనంత_లెక్చరర్
నేను ఇక్కడే ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో పాఠం చెప్తాను, ఆన్‌లైన్ కోర్సులకి కూడా చెప్తాను, కాబట్టి ఎందుకు అన్నదానికి సమాధానం చెప్పగలను.

మొదటి కారణం పిల్లలు తగ్గుతున్నారు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో మహిళకి సగటున పుట్టే పిల్లల సంఖ్య ఆంధ్రలో 1.7, కర్ణాటకలో 1.7, తెలంగాణ, తమిళనాడుల్లో 1.8 అని తేలింది. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. అంటే దక్షిణాదిలో పద్దెనిమిదేళ్ళ పిల్లల క్యూ ముందుముందు చిన్నదవుతుంది, కట్టిన బిల్డింగులు, పెంచిన సీట్లు మాత్రం అలాగే ఉంటాయి. మేనేజ్‌మెంట్లకి ఇది మనకన్నా ముందే తెలుసు.

రెండోది రూల్స్. 2020లో యూజీసీ (యూనివర్సిటీలని నియంత్రించే సంస్థ) దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులకి కొత్త రెగ్యులేషన్స్ తెచ్చింది, న్యాక్ స్కోరు, అంటే నాణ్యత మార్కు, బాగున్న యూనివర్సిటీలు పూర్తి డిగ్రీని ఆన్‌లైన్‌లో ఇవ్వొచ్చు. ఇక్కడ ఒక తేడా ఉంది, రాష్ట్ర యూనివర్సిటీ దూరవిద్య కోర్సుకి రాష్ట్రం హద్దు ఉంటుంది, ఆన్‌లైన్ డిగ్రీకి ఆ హద్దు లేదు. బెంగళూరులోని ఒక యూనివర్సిటీ గువాహటిలో ఉన్నవాళ్ళకీ సీటు అమ్ముకోవచ్చు. హాస్టల్ అక్కర్లేదు, ల్యాబ్ అక్కర్లేదు, ఒకసారి రికార్డ్ చేసిన పాఠం ఎన్ని బ్యాచ్‌లకైనా నడుస్తుంది.

మూడోది, పెద్దవాళ్ళ దగ్గర జీతం ఉంది. నాన్నని అడగక్కర్లేదు, ఈఎంఐ పెట్టుకుంటారు.

2020-21 కేంద్ర ప్రభుత్వ ఉన్నత విద్యా సర్వే ప్రకారం దూరవిద్యలో చేరినవాళ్ళు సుమారు 45.7 లక్షలు. చిన్న మార్కెట్ కాదు ఇది. మన దేశం ఉన్నత విద్యలో ఎంత శాతం ఉన్నారని లెక్కేసేటప్పుడు మాత్రం 18 నుంచి 23 ఏళ్ళ జనాభానే ప్రాతిపదిక. కొత్త విద్యా విధానం 2035కల్లా 50 శాతం అని పెట్టుకున్న లక్ష్యం కూడా ఆ లెక్కలోదే. ముప్పై ఎనిమిదేళ్ళకి మళ్ళీ పుస్తకం పట్టాల్సిన మనిషికంటూ ఎవరూ ఒక లక్ష్యం పెట్టలేదు. ఆ ఖాళీలోకి వ్యాపారం వచ్చి కూర్చుంది.

నెల్లూరు2బెంగళూరు
సార్ చెప్పిందాంట్లోనే జవాబు ఉంది కదా. ఇదంతా వ్యాపారం. ఎన్‌పీటెల్ ఉంది, 2003లో మొదలైంది, ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఫ్రీగా ఉన్నాయి, పరీక్ష రాస్తే వెయ్యి రూపాయలు. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల సైట్ స్వయం ఉంది. అవి చదువుకుని పని నేర్చుకోండి, లక్షలు పోసి సర్టిఫికెట్ ఎందుకు? నేను డిప్లొమాతోనే ఇక్కడికొచ్చాను, ఇవాళ్టికి నన్ను ఎవరూ డిగ్రీ అడగలేదు.

ఇల్లు_చదువు_నేను
అన్నా, మిమ్మల్ని అడగలేదేమో, మమ్మల్ని అడుగుతారు. పెళ్ళయ్యి బెంగళూరు వచ్చి, పిల్లలు స్కూలుకి వెళ్ళేదాకా ఇంట్లో ఉండి, తర్వాత ఉద్యోగానికి అప్లై చేసినప్పుడు నా దగ్గర చూపించడానికి ఏముంది? అనుభవం లేదు, రిఫరెన్స్ లేదు. డిగ్రీ ఒక్కటే కాగితం. స్కూల్లో టీచర్ పోస్టుకి, ప్రభుత్వ ఉద్యోగంలో ప్రమోషన్‌కి, విదేశం వెళ్ళాలన్నా, మొదట అప్లికేషన్‌లో డిగ్రీ అన్న గడి నింపాలి. పని వచ్చు, పని తెలుసు అంటే వినేవాళ్ళు అందరికీ దొరకరు. ఇలా చదివేవాళ్ళలో నాలాంటి ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు, మమ్మల్ని వేస్ట్ కోర్సుల్లో చేరిన అమాయకులుగా చూడొద్దు అని నా మనవి.

నేను ఇగ్నోలో (కేంద్ర ప్రభుత్వ సార్వత్రిక విశ్వవిద్యాలయం) ఎంఏ చేశాను. దాని గురించి రాత్రికి పిల్లలు పడుకున్నాక వివరంగా రాస్తాను.

నెల్లూరు2బెంగళూరు
అక్కా సారీ, ఆ కోణంలో ఆలోచించలేదు. ఫీజుల విషయంలో మాత్రం నా మాట మీద ఉన్నాను.

మాజీ_కౌన్సెలర్
నేను కోరమంగళలో ఒక ఎడ్‌టెక్ (ఆన్‌లైన్ కోర్సులు అమ్మే) కంపెనీలో అడ్మిషన్ కౌన్సెలర్‌గా చేశాను, పేరు చెప్పను. ఆ ఫోన్లు ఎలా వస్తాయో తెలిస్తే మీకు ఉపయోగం.

మీరు నంబర్ ఇచ్చిన నిమిషంలో అది లీడ్, అంటే మేం ఫోన్ చేసి కోర్సు అమ్మాల్సిన నంబర్, అయిపోతుంది. మా స్క్రీన్ మీద మీ పేరు, ఊరు, ఎన్నేళ్ళ అనుభవం, చివరి చదువు కనిపిస్తాయి, పక్కనే హాట్, వార్మ్, కోల్డ్ అని రంగు. పదేళ్ళు దాటిన అనుభవం ఉండి పీజీ లేనివాళ్ళు మాకు హాట్. వాళ్ళతో కోర్సు గురించి ఎక్కువ మాట్లాడొద్దని ట్రైనింగ్‌లోనే చెప్పేవాళ్ళు, ముందు అడగాల్సింది 'సర్, మీ జూనియర్ మీకంటే ముందు మేనేజర్ అయ్యారా?' అని. అవతల మనిషి ఒక్క క్షణం ఆగుతాడు చూడండి, అక్కడ పట్టుకోవాలి. తర్వాత ఈ బ్యాచ్‌లో సీట్లు అయిపోతున్నాయి, స్కాలర్‌షిప్ ఇవాళ రాత్రి వరకే అంటాం. ఆన్‌లైన్ కోర్సులో సీట్లు అయిపోవడం ఏంటని అడిగేవాళ్ళు బాగా తక్కువ. నేను మానేసిన కారణం కూడా అదే. మా అమ్మ వయసున్న ఒకావిడతో ఆ మాట అనలేకపోయాను.

డబ్బు సంగతి. నెలకి ఇంతే సర్ అంటారు, కానీ అది వాయిదా కాదు, మీ పేరు మీద ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే లోన్. మీరు రెండో నెలలో చదువు మానేసినా లోన్ మానదు, కట్టకపోతే సిబిల్ స్కోరు దెబ్బతిని తర్వాత అప్పు పుట్టడం కష్టమవుతుంది. ఇంకో సంగతి, గుర్తింపు ఉన్న యూనివర్సిటీ డిగ్రీ ఫీజుకి జీఎస్టీ లేదు, ఎడ్‌టెక్ కంపెనీ సొంత సర్టిఫికెట్ కోర్సుకి 18 శాతం ఉంటుంది. బిల్లు మీద జీఎస్టీ కనిపిస్తే మీరు కొంటున్నది డిగ్రీయా సర్టిఫికెటా అని అక్కడే అడగండి.

అనంత_లెక్చరర్
మాజీ కౌన్సెలర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. యూనివర్సిటీ పేరు పెట్టుకుని వేరే కంపెనీ కోర్సు నడిపే ఫ్రాంచైజీ పద్ధతి కుదరదని యూజీసీ, ఏఐసీటీఈ (సాంకేతిక విద్య చూసే సంస్థ) రెండూ 2021 చివర్లో, 2022లో హెచ్చరించాయి కూడా.

అమెరికాలో ఈ దారి మనకన్నా ముందే నడిచారు. అక్కడ కాలేజీలో చేరి పూర్తి చెయ్యకుండా మానేసినవాళ్ళు 4 కోట్ల పైచిలుకు. వాళ్ళ కోసమే పుట్టినట్టు పెరిగింది యూనివర్సిటీ ఆఫ్ ఫీనిక్స్, 1976లో ఉద్యోగస్తుల కోసమని పెట్టారు, 2010 నాటికి నాలుగున్నర లక్షలకి పైగా విద్యార్థులు. పెద్ద పెద్ద కంపెనీలతో కలిసి ఉద్యోగాలు ఇప్పిస్తున్నట్టు యాడ్స్ వేశారని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంటే 2019లో 19.1 కోట్ల డాలర్లకి సెటిల్ చేసుకున్నారు. యూనివర్సిటీల తరఫున ఆన్‌లైన్ కోర్సులు నడిపి ఫీజులో సగానికి పైగా వాటా తీసుకునే టూయూ అనే కంపెనీ 2021లో ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్‌ని 80 కోట్ల డాలర్లకి కొంది, 2024 జులైలో దివాలా పిటిషన్ వేసింది. విద్యార్థిని తెచ్చుకోవడానికే డబ్బంతా ఖర్చు పెడితే పాఠానికి ఏం మిగులుతుంది? నాకు మా దగ్గర కూడా అదే భయం. యాడ్‌కి డబ్బు ఉంటుంది, డౌట్లు తీర్చే ట్యూటర్‌ని పెట్టండి అంటే బడ్జెట్ లేదంటారు. రాత్రి ఎనిమిదింటికి లైవ్ క్లాస్ పెడతాను, ఆ టైమ్‌కి సగం మంది సిల్క్‌బోర్డ్ దగ్గర బస్సులో ఉంటారు, వెనకాల హారన్ల మధ్య 'సర్ ఒక్కసారి మళ్ళీ చెప్పరా' అని అడుగుతారు. వాళ్ళ పట్టుదలలో లోపం లేదు, టైమ్ టేబుల్ వేసిన మాలో ఉంది.

పీణ్య_ఫిట్టర్
నమస్తే అన్నలూ అక్కలూ. మీరంతా ఎంబీఏ గురించి మాట్లాడుతున్నారు, మాకు ఆ ఫోన్లు కూడా రావు. నేను ఐటీఐ ఫిట్టర్, పీణ్యలో పని, మాది హిందూపురం దగ్గర. ఐటీఐ మీద లాటరల్‌గా, అంటే నేరుగా రెండో ఏడాదిలో చేరి, డిప్లొమా చెయ్యాలి, తర్వాత బీఈ చెయ్యాలి, సూపర్‌వైజర్ అవ్వాలంటే అది కావాలి. ఒకతను డిస్టెన్స్‌లో బీటెక్ ఇప్పిస్తా, క్లాసులకి రానక్కర్లేదు అంటున్నాడు, అడ్వాన్స్ అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా?

హెచ్చార్_ఎలక్ట్రానిక్‌సిటీ
తమ్ముడూ, ఒక్క రూపాయి ఇవ్వొద్దు!! నేను హెచ్చార్‌లో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చూస్తాను. 2017 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఇంజనీరింగ్ కరస్పాండెన్స్‌లో చదవడం కుదరదని తీర్పు ఇచ్చింది, కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు అనుమతి లేకుండా ఇచ్చిన డిగ్రీలు పోయాయి, వాటితో ఉద్యోగాలు, ప్రమోషన్లు తెచ్చుకున్నవాళ్ళు ఎంత క్షోభపడ్డారో. ఇంజనీరింగ్, మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ, లా లాంటివి దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ ఇవ్వకూడదు. ఎవరైనా ఇస్తామంటే అక్కడే ఫోన్ పెట్టెయ్.

నీకు సరైన దారి ఉంది. ఏఐసీటీఈ 2023-24 నుంచి పనిచేసేవాళ్ళ కోసం డిప్లొమా, బీఈ బ్యాచ్‌లకి అనుమతి ఇస్తోంది. మామూలు కాలేజీలోనే, మామూలు డిగ్రీయే, క్లాసుల టైమింగ్ మాత్రం మనకి వీలుగా పెడతారు. కనీసం ఏడాది ఉద్యోగ అనుభవం చూపించాలి. మీ దగ్గర్లో ఏ కాలేజీకి అనుమతి ఉందో కాలేజీకే వెళ్ళి అప్రూవల్ లెటర్ చూపించమని అడుగు, బ్రోకర్‌ని కాదు.

పీణ్య_ఫిట్టర్
థాంక్స్ అక్కా. ఒక కాలేజీకి వెళ్ళి అడిగా, సాయంత్రం ఆరింటికి క్లాసు అన్నారు. మాకు వారానికో షిఫ్ట్ మారుద్ది. 'ఏ' (A) షిఫ్ట్ అంటే పొద్దున ఆరు నుంచి రెండు, ఆ వారం వెళ్ళగలను. బీ షిఫ్ట్ రెండు నుంచి పది, ఆ వారం క్లాసు మొత్తం పోద్ది. సీ షిఫ్ట్ అయితే రాత్రి డ్యూటీ, నిద్ర లేకుండా కూర్చోవాలి. మూడు వారాల్లో ఒక వారం పూర్తిగా పోతే అటెండెన్స్ ఎక్కడిది? నాలాంటోళ్ళు మా షెడ్‌లోనే చానా మంది ఉన్నారు, ఫీజు కట్టడానికి రెడీ, చదవడానికి రెడీ, టైమింగ్ దగ్గర ఆగిపోతున్నాం.

అనంత_లెక్చరర్
ఈ పోస్టు మా డీన్‌కి చూపిస్తాను. నిజంగా అంటున్నా. పెద్దవాళ్ళ మార్కెట్ అని మీటింగుల్లో గంటలు గంటలు మాట్లాడుకుంటాం, ఏ స్లైడ్‌లోనూ షిఫ్ట్ అన్న మాట లేదు. బీ షిఫ్ట్ వారం కోసం అదే పాఠం పొద్దున పూట ఇంకోసారి చెప్తే చాలు, ఇద్దరు లెక్చరర్ల పని. దానికి ముందుకొచ్చే కాలేజీ పీణ్య చుట్టుపక్కల ఒక్కటి ఉన్నా సీట్లు నిండుతాయి.

బ్రదర్, మీ ఫ్యాక్టరీలో ఇలాంటివాళ్ళంతా కలిసి కాలేజీకి, ఫ్యాక్టరీ హెచ్చార్‌కి ఇద్దరికీ లెటర్ పెట్టండి. ఒక్కరడిగితే వినరు, ఒక బ్యాచ్‌కి సరిపడా పేర్లు ఉంటే వింటారు. కంపెనీ, కాలేజీ కలిసి నడపడం కొత్తేం కాదు, బిట్స్ పిలానీ పనిచేసేవాళ్ళ ప్రోగ్రాం 1979 నుంచి ఉంది.

ఇల్లు_చదువు_నేను
ఇప్పటికి కుదిరింది. ఇగ్నో గురించి.

మన తెలుగోళ్ళు గర్వపడాల్సిన సంగతి ఒకటి, దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన హైదరాబాద్‌లోనే, 1982లో. ఇప్పుడు అంబేద్కర్ యూనివర్సిటీ అంటున్నాం. ఇంటర్ చదవనివాళ్ళకి కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలోకి తీసుకున్నారు, బీడీలు చుట్టేవాళ్ళు, కండక్టర్లు, హోంగార్డులు డిగ్రీలు చేశారు. దాని మొదటి వీసీ జి. రామ్‌రెడ్డి గారే తర్వాత 1985లో ఇగ్నోకి మొదటి వీసీ అయ్యారు. అప్పుడు దీన్ని మార్కెట్ అని ఎవరూ అనలేదు, అందరికీ చదువు అన్నారు, నాకు ఆ మాటే ఇష్టం.

నా అనుభవంలో ఇగ్నో గొప్పదనం పుస్తకాల్లో కన్నా గడువులో ఉంది. రెండేళ్ళ ఎంఏని నాలుగేళ్ళ దాకా చెయ్యొచ్చు. నాకు మధ్యలో అత్తయ్య ఆపరేషన్, ఆ ఏడాది పరీక్షలు రాయలేదు, ఎవరూ నన్ను తీసెయ్యలేదు, మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టాను. పరీక్షలు జూన్‌లో, డిసెంబర్‌లో ఉంటాయి కాబట్టి ఒకటి పోతే ఇంకోటి. ఇబ్బందులూ ఉన్నాయి, అసైన్‌మెంట్ మార్కులు పోర్టల్‌లో ఎక్కడానికి నెలలు పట్టింది, అడిగితే సమాధానం చెప్పే మనిషి దొరకడు, మెయిల్ పెట్టి పెట్టి విసుగొచ్చేది. చేతిరాతతో అసైన్‌మెంట్లు రాసి రాసి వేళ్ళు నొప్పులు.

మా ఎదురింటి అమ్మాయి వేరే యూనివర్సిటీ ఆన్‌లైన్ ఎంబీఏ. ఇంట్లోనే వెబ్‌క్యామ్ పరీక్ష, ముందు గది నాలుగు గోడలూ కెమెరాకి చూపించాలి, తర్వాత ఎవరూ రాకూడదు. వాళ్ళది ఒకే బెడ్రూం ఇల్లు, మూడేళ్ళ బాబు. పరీక్ష మధ్యలో బాబు తలుపు తోసుకుని లోపలికొచ్చి 'అమ్మా నీళ్ళు' అన్నాడు, స్క్రీన్ మీద ఎర్ర హెచ్చరిక, పేపర్ అనుమానం కింద ఫ్లాగ్ అయింది, వివరణ రాయమన్నారు. తను ఆ రోజంతా ఏడుస్తూనే ఉంది. పెద్దవాళ్ళ కోసం కోర్సు అని అమ్మేవాళ్ళకి పెద్దవాళ్ళకి పిల్లలుంటారని తెలియదా అండీ?

రాత్రిషిఫ్ట్_బెళ్ళందూర్
అక్కా ఈ విషయంలో ఐఐటీ మద్రాస్ బీఎస్ డేటా సైన్స్ పద్ధతి నాకు నచ్చింది. నేను చదువుతున్నా. 2020లో పెట్టారు, వయసు పరిమితి లేదు, జేఈఈ అక్కర్లేదు, క్వాలిఫయర్ అనే అర్హత పరీక్ష పాసవ్వాలి. పాఠాలు ఆన్‌లైన్‌లోనే కానీ క్విజ్‌లు, ఫైనల్ పరీక్ష మాత్రం సెంటర్‌కి వెళ్ళి రాయాలి. ఆ కొన్ని ఆదివారాలు ఇంట్లో ముందే చెప్పుకుంటే చాలు, వెబ్‌క్యామ్ టెన్షన్ లేదు. ఏడాదికి మూడు టర్మ్‌లు, ఒక టర్మ్‌లో ఒక్క సబ్జెక్టే తీసుకోవచ్చు, తీసుకున్నదానికే ఫీజు. మధ్యలో ఆపినా ఫౌండేషన్ సర్టిఫికెట్, డిప్లొమా, బీఎస్సీ అని ఎక్కడికక్కడ ఒక కాగితం చేతికొస్తుంది. ప్రొడక్షన్ సపోర్ట్‌లో ఉన్నాను, క్వార్టర్ ఎండ్ వచ్చిందంటే ఊపిరి ఆడదు, ఆ టర్మ్ ఒక్కటే సబ్జెక్టు పెట్టుకుంటా. లెక్కలు మాత్రం గట్టిగా ఉంటాయి, ఇంటర్లో వదిలేసిన స్టాటిస్టిక్స్ మళ్ళీ మొదట్నుంచి చేశాను, వీకెండ్ అంతా దానికే పోతుంది, అది తెలుసుకుని చేరండి.

నెల్లూరు2బెంగళూరు
ఇది బావుంది. చదివినదానికే డబ్బు కట్టడం న్యాయం. రెండేళ్ళ ఫీజు ముందే లోన్‌లో లాక్ చేసే పద్ధతి మీదే నా కోపమంతా.

కేఆర్‌పురం_పేరోల్
ఎంత సమాచారం ఇచ్చారండీ, అందరికీ థాంక్స్. హెచ్చార్ మేడమ్, ఒక సందేహం. ఆన్‌లైన్ ఎంబీఏ, ఇగ్నో ఎంబీఏ, రెగ్యులర్ ఎంబీఏ మూడూ మీ దగ్గరికి వస్తే ఎలా చూస్తారు?

హెచ్చార్_ఎలక్ట్రానిక్‌సిటీ
రూల్ ప్రకారం గుర్తింపు ఉన్న యూనివర్సిటీ అయితే మూడూ సమానమే, 2022 సెప్టెంబర్‌లో యూజీసీ స్పష్టంగా నోటీస్ ఇచ్చింది. లోపల ప్రమోషన్ అయితే మేం చూసేది గడి నిండిందా లేదా, ఆ తర్వాత మీ పని రేటింగే. బయట కొత్త ఉద్యోగం అయితే నిజం చెప్తా, కాలేజీ పేరు చూసేవాళ్ళు ఇంకా ఉన్నారు. మీది ప్రమోషన్ కోసం కాబట్టి తక్కువ ఫీజు, ఎక్కువ గడువు ఉన్నదే నా ఓటు. మీ కంపెనీలో చదువు ఖర్చు తిరిగిచ్చే పాలసీ ఉందేమో ముందు అడగండి, చాలామంది అడగరు. ఉంటే బాండ్ ఎన్నేళ్ళో చూసుకోండి. లోన్ తీసుకుంటే వడ్డీ మీద ఆదాయపు పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే వస్తుంది.

గుర్తింపు మాత్రం యూనివర్సిటీకి ఉంటే చాలదు, మీరు చేరే సెషన్‌కి, మీరు చేరే కోర్సుకి ఉండాలి. యూజీసీ దూరవిద్య బ్యూరో సైట్‌లో లిస్ట్ ఉంటుంది. మైసూరులోని కర్ణాటక రాష్ట్ర ఓపెన్ యూనివర్సిటీ లాంటి ప్రభుత్వ సంస్థకే 2013-14 నుంచి గుర్తింపు పోయి 2018లో మళ్ళీ వచ్చింది, ఆ మధ్య బ్యాచ్‌ల కేసులు నా టేబుల్ మీదకి ఇప్పటికీ వస్తాయి. కాబట్టి ఆ పేజీ ప్రింట్ తీసి దాచుకోండి.

మాజీ_కౌన్సెలర్
దీనికి ఒకటి కలుపుతా. ఫోన్‌లో చెప్పింది ఏదీ లెక్కలోకి రాదు. పరీక్ష ఇంట్లోనా సెంటర్లోనా, మానేస్తే ఏ తేదీలోపు ఎంత డబ్బు వెనక్కి వస్తుంది, మధ్యలో ఆపితే మళ్ళీ ఎన్నేళ్ళలోపు మొదలుపెట్టొచ్చు, ఈ మూడూ యూనివర్సిటీ మెయిల్ ఐడీ నుంచి రాసివ్వమనండి, కౌన్సెలర్ వాట్సాప్ నుంచి కాదు. రాసివ్వడానికి వెనకాడితే మీకు జవాబు దొరికినట్టే.

కేఆర్‌పురం_పేరోల్
ఇగ్నో జనవరి సెషన్‌కే వెళ్దామని నిర్ణయించుకున్నా. మా హెచ్చార్‌ని రీయింబర్స్‌మెంట్ కూడా అడిగా, బీకాం సర్టిఫికెట్ పెట్టి అప్లై చెయ్యమన్నారు.

ఇల్లు_చదువు_నేను
చాలా సంతోషం తమ్ముడూ. ఒక్కటి ఇప్పుడే చూసుకో. 2024 సెప్టెంబర్ సెషన్ నుంచి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చేరేవాళ్ళంతా డెబ్ ఐడీ (ఆ దూరవిద్య బ్యూరోదే) తీసుకోవాలి, దానికి ముందు ఏబీసీ ఐడీ (మన చదువు క్రెడిట్లు దాచే ఖాతా నంబర్) కావాలి, అది ఆధార్‌తో వస్తుంది. మనలో కొందరి పదో తరగతి మెమోల్లో ఇంటిపేరు పొడి అక్షరమే ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, కొందరికి ముందు ఉంటే కొందరికి చివర. మా చెల్లెలికి అక్కడే ఆగిపోయింది, చివరి తేదీ దాటేదాకా తిరిగింది.

కేఆర్‌పురం_పేరోల్
చూశా అక్కా. మెమోలో ఒక్క అక్షరమే, ఆధార్‌లో ఇంటిపేరు చివర పూర్తిగా ఉంది. దేన్ని మార్చాలి?

హెచ్చార్_ఎలక్ట్రానిక్‌సిటీ
మెమోని ముట్టుకోవద్దు, అది బోర్డు పని, ఎంత కాలం పడుతుందో చెప్పలేం. ఆధార్‌నే మెమోలో ఉన్నట్టు మార్పించుకోండి, కానీ ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి జీవితంలో రెండే అవకాశాలు, ఒక్క అక్షరం తప్పు లేకుండా ఫారం నింపండి. తర్వాత పాన్, పీఎఫ్ పేర్లు కూడా దానికి తగ్గట్టు సరిచేసుకోండి, మీది పేరోల్ కాబట్టి పీఎఫ్ సంగతి మీకే బాగా తెలుసు.

పీణ్య_ఫిట్టర్
లెటర్ రాశాం అన్నలూ. మా షెడ్, పక్క షెడ్ కలిపి బ్యాచ్‌కి సరిపడా సంతకాలు వచ్చాయి. లెక్చరర్ సార్, కాలేజీకి ఇచ్చేది ఇంగ్లీష్‌లో ఉంటే బావుంటుంది అంటున్నారు, పైనుంచి కింద దాకా ఒకసారి చూసిపెడతారా?

అనంత_లెక్చరర్
పర్సనల్ మెసేజ్‌లో పంపండి, ఈ రాత్రికే చూసి పంపుతా. షిఫ్ట్ టైమింగ్‌ల పట్టిక కూడా జత చెయ్యండి, ఏ వారం ఎంతమందికి ఏ షిఫ్టో, క్లాస్ టైమ్ వేసేవాళ్ళకి మొదట కావాల్సింది అదే.